చూచి కొన్న ఇంటిలో కనుపించని లోపం
(గృహ కొనుగోలుదారుల హక్కులపై ప్రసంగ పాఠం)

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్న సామెత పుట్టిన కాలంలో ఇల్లు కట్టించుకొనేవాడు పునాది తవ్విన నాటి నుంచి గృహప్రవేశం వరకు పని దగ్గరనే ఉండేవాడు. ఇటుక ఏ బట్టీ నుంచి వచ్చినదో, సున్నం ఎన్నాళ్లు నానినదో అతనికి తెలుసు. నేడు నగరాలలో చాలమంది ఇల్లు కట్టించుకోవడం లేదు. వేరొకరు కట్టినదానిని కొనుక్కొంటున్నారు. కొనేవాని కంటబడేది రంగు వేసిన గోడ, మెరిసే నేల. స్తంభం లోపలి ఇనుము, గోడ వెనుక పోయే గొట్టం కనబడవు. కట్టడంలో ఉండిన కష్టం ఇప్పుడు పరీక్షించడంలోకి మారినది. ఆ పరీక్ష సరిగా జరగనప్పుడు, గృహప్రవేశమైన రెండవ వర్షాకాలానికే గోడలు బీటలు వారినప్పుడు, జీవితకాలపు పొదుపు దానిపై పెట్టిన కుటుంబానికి చట్టంలో ఉన్న ఆధారమేమిటన్నది ఇక్కడ విచారించవలసిన విషయం.

ఇల్లు చేతులు మారే సమయంలో పరీక్షలే జరగవని కాదు, అనేకం జరుగుతాయి. అప్పు ఇచ్చే బ్యాంకు తన జాబితాలోని విలువ నిర్ణేతను పంపుతుంది. బ్యాంకు న్యాయవాది పత్రాలు చూచి అభిప్రాయం వ్రాస్తాడు. పురపాలక సంఘం ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అనగా నివసించడానికి అనుమతి పత్రం, ఇస్తుంది. బిల్డరు నియమించిన స్ట్రక్చరల్ ఇంజనీరు కట్టడం దృఢమైనదని సంతకం చేస్తాడు. ఇన్ని సంతకాలు చూచిన కొనుగోలుదారు నిశ్చింతగా ఉంటాడు. కాని ఈ కాగితాలలో ఏ ఒక్కటీ అతని కోసం వ్రాసినది కాదు. విలువ నిర్ణేత చూచేది ఆ ఆస్తి బ్యాంకు అప్పుకు తగిన హామీ అవునా, కాదా అని. గోడలో తేమను కొలవడం అతని పని కాదు. ఆ నివేదిక బ్యాంకు ఫైలులో ఉంటుంది. దాని రుసుము మాత్రం తరచు అప్పు తీసుకొనేవానిపైనే పడుతుంది. రేపు కప్పు కారినా నెలవారీ కిస్తీ ఆగదు. "బ్యాంకువారు చూచే ఇచ్చారు కదా" అన్న ధైర్యంతో కొనేవారు ఎందరో ఉన్నారు. ఆ ధైర్యానికి చట్టంలో ఉన్న పునాది బహు స్వల్పం.

2022 ఫిబ్రవరి 10న హర్యానాలోని గురుగ్రామ్ 109వ సెక్టారులో ఒక బహుళ అంతస్తుల నివాస భవనంలో ఆరవ అంతస్తులోని ఒక భాగం కూలి, కింది ఇండ్ల కప్పులను కూడ కూల్చుకొంటూ పోయినది. ఇద్దరు మహిళలు మరణించారు. తరువాత ఢిల్లీ ఐ.ఐ.టి. నిపుణులు పరీక్షించి, కాంక్రీటులో క్లోరైడు ఉన్నందువలన లోపలి ఇనుము వేగంగా తుప్పు పట్టినదని, మరమ్మతు చేసి ఆ భవనాన్ని నిలుపుకోవడం సాధ్యం కాదని తేల్చారు. క్లోరైడు ఉప్పు జాతికి చెందినది. కాంక్రీటులో కలిసినదాన్ని కంటితో చూడలేము, తట్టి తెలుసుకోలేము. ప్రయోగశాలకు ముక్క పంపితే తప్ప బయటపడదు. ఎంత జాగ్రత్తగల గృహస్థు అయినా కొనే రోజున దానిని పట్టుకోగలడా? ఇటువంటి దానిని గుప్తలోపమంటారు. విరిగిన కిటికీ రెక్క, ఎడమగా ఉన్న తలుపు బహిరంగ లోపాలు. ఈ రెండింటి మధ్య భేదం పైననే తరువాత చెప్పబోయే హక్కులలో చాల భాగం ఆధారపడి ఉన్నది.

కొత్త ఇల్లు బిల్డరు వద్ద కొన్నవానికి అన్నిటికన్న బలమైన రక్షణ 2016 నాటి స్థిరాస్తి క్రమబద్ధీకరణ, అభివృద్ధి చట్టంలో ఉన్నది. "రేరా" అని జనులు పిలిచే ఈ చట్టం 2017 మే 1 నుంచి పూర్తిగా అమలులోకి వచ్చినది. దీని 14వ సెక్షన్ మూడవ ఉపవిభాగం చిన్నదే కాని దాని ప్రభావం పెద్దది. ఇల్లు స్వాధీనపరచిన తేదీ నుంచి 5 సంవత్సరాలలోగా కట్టడపు దృఢత్వంలోగాని, పనితనంలోగాని, నాణ్యతలోగాని, సౌకర్యాలలోగాని లోపం ఉన్నట్లు బిల్డరు దృష్టికి తెస్తే, అతడు అదనంగా పైసా తీసుకొనకుండా 30 రోజులలో దానిని సరిచేయాలి. చేయనిచో కొనుగోలుదారు నష్టపరిహారానికి అర్హుడవుతాడు.

ఈ నిబంధనలో తరచు పొరబడే అంశం ఒకటి ఉన్నది. 5 సంవత్సరాలలోగా జరగవలసినది లోపాన్ని తెలియపరచడం. అయిదవ సంవత్సరం ముగియడానికి వారం రోజుల ముందు వ్రాతపూర్వకంగా తెలిపినా హక్కు నిలుస్తుంది. నోటిమాటగా సైటు సూపర్‌వైజరుకు పదిసార్లు చెప్పినా రుజువు చేయడం కష్టం. లెక్క మొదలయ్యేది స్వాధీనం నుంచి. రిజిస్ట్రేషను నుంచి కాదు. కనుక స్వాధీన పత్రం రిజిస్టరు దస్తావేజంత జాగ్రత్తగా దాచవలసిన కాగితం. ఇల్లు తీసుకొన్న తరువాత గోడలు పగులగొట్టి మార్పులు చేసినవారికి బిల్డరు బాధ్యత నిరాకరించే షరతు విక్రయ ఒప్పందాలలో సామాన్యంగా ఉంటుంది. వంటగది పెద్దది చేసుకోవాలన్న ఉత్సాహం ఉన్నవారు ఆ షరతు ముందుగా చదువుకోవడం మేలు.

మరమ్మతు చేయించుమని ఉత్తర్వు కోరేవారు రేరా ప్రాధికార సంస్థను ఆశ్రయించాలి. నష్టపరిహారం నిర్ణయించేది మాత్రం ఆ సంస్థ కాదు. జిల్లా జడ్జి హోదాలో పనిచేస్తున్న లేక పనిచేసిన నిర్ణయాధికారి. ఈ రెండు అధికారాల మధ్య హద్దును సుప్రీంకోర్టు 2021 నవంబరు 11న స్పష్టపరచినది. పరిహారపు దరఖాస్తును 60 రోజులలో తేల్చవలెనని చట్టం చెబుతున్నది. ఆచరణలో అంతకు మించి కాలం పడుతున్నది. బిల్డరు చెల్లించనిచో భూమి శిస్తు బకాయి వలె వసూలు చేసే వీలు ఉన్నది. అయినా ఉత్తర్వు చేతికి రావడం ఒక ఎత్తు, డబ్బు చేతికి రావడం మరొక ఎత్తు.

ఈ చట్టం దేశమంతటికీ ఒక్కటే కావడం గమనార్హం. తెనాలిలో పుట్టి పుణెలో ఉద్యోగం చేస్తూ బెంగుళూరులో ఇల్లు కొనే కుటుంబాలు నేడు అరుదు కాదు. రాష్ట్రానికొక తీరుగా హక్కులుంటే అటువంటివారు ఏ గుమ్మం ఎక్కాలో తెలియక తికమకపడతారు. పశ్చిమ బెంగాల్ 2017లో తనకంటూ వేరొక గృహనిర్మాణ చట్టాన్ని చేసుకొనగా, 2021 మే 4న సుప్రీంకోర్టు దానిని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసినది. 2019 పునర్వ్యవస్థీకరణ తరువాత జమ్మూ కాశ్మీరు కూడ కేంద్ర చట్టం పరిధిలోకి వచ్చినది. అయితే చట్టం ఒకటే అయినా, అమలు నియమాలు రాష్ట్రాలవి. తెలంగాణలో 2017 జనవరి 1న గాని, తరువాత గాని అనుమతి పొందిన ప్రాజెక్టులకే నమోదు వర్తిస్తుంది. అంతేకాక, స్థలం 500 చదరపు మీటర్లు మించని, లేదా ఇండ్ల సంఖ్య 8 మించని కట్టడానికి సాధారణంగా నమోదు అవసరం లేదు. 500 చదరపు మీటర్లంటే దాదాపు 600 గజాలు. కోస్తా పట్టణాల వీధులలో లేచే చిన్న అపార్టుమెంట్లు ఎన్నో ఈ కొలత లోపలే ఉంటాయి. వాటిలో ఇల్లు కొన్నవారు రేరా తలుపు తట్టే ముందు ఈ సంగతి చూచుకోవాలి.

అటువంటివారికి మరొక ద్వారం తెరచియే ఉన్నది. 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చినప్పుడు ఇల్లు వస్తువా, సేవా అన్న వివాదం లేచినది. లక్నో అభివృద్ధి సంస్థ కేసులో 1993 నవంబరు 5న సుప్రీంకోర్టు, గృహనిర్మాణం సేవయే అని, దానిలో లోపానికి ప్రభుత్వ సంస్థలు సైతం బాధ్యత వహించాలని తీర్పు ఇచ్చినది. అభివృద్ధి పరచి అమ్మే ఇండ్లస్థలాలకు కూడ ఈ సూత్రం వర్తిస్తుందని 2012లో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక నిర్మాణ సంస్థ కేసులో తేలినది. 1986 చట్టం స్థానంలో 2019 చట్టం 2020 జూలై 20 నుంచి అమలులో ఉన్నది. దీనిలో కొనుగోలుదారునికి మిక్కిలి ఉపయోగపడేది, తాను నివసించే లేక పనిచేసే చోటనే ఫిర్యాదు చేసుకోగల హక్కు. బెంగుళూరులో కొన్న ఇంటిని గురించి విజయవాడలో ఉన్నవాడు విజయవాడలోనే ఫిర్యాదు చేయవచ్చు. రేరా విషయంలో ఇది కుదరదు. ప్రాజెక్టు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రపు సంస్థ వద్దకే వెళ్లాలి.

చెల్లించిన ధర 50 లక్షల రూపాయలు మించనిచో జిల్లా కమిషన్, 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్, అంతకు మించితే ఢిల్లీలోని జాతీయ కమిషన్ విచారిస్తాయి. జిల్లా కమిషన్‌లో రుసుము 1,000 రూపాయలు మించదు. వ్యాజ్యకారణం ఏర్పడిన 2 సంవత్సరాలలోగా ఫిర్యాదు చేయాలి. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉన్నది. బిల్డరు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తీసుకొనక పోవడం మాత్రం నిత్యం కొనసాగే తప్పు అని ముంబయికి చెందిన ఒక సహకార గృహ సంఘం కేసులో 2022 జనవరిలో సుప్రీంకోర్టు నిర్ణయించినందున, అక్కడ కాలపరిమితి అడ్డు రాదు.

"తాళం చెవులు తీసుకొన్నారు, చూచుకొన్నారు, సంతకం చేశారు, ఇప్పుడు ఫిర్యాదేమిటి?" అన్నది బిల్డర్ల పక్షాన సర్వసాధారణంగా వినవచ్చే వాదన. కలకత్తా ఫ్లాట్ల వ్యవహారంలో జాతీయ కమిషన్ కూడ ఇంచుమించు ఇదే ధోరణిలో కొనుగోలుదారుల ఫిర్యాదును తోసివేయగా, 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసి తిరిగి విచారించుమన్నది. అంతకుముందే 2020 ఆగస్టులో బెంగుళూరు ఇండ్ల కేసులో, దస్తావేజు వ్రాయించుకొన్నంత మాత్రాన ఆలస్యానికి పరిహారం కోరే హక్కు పోదని అదే న్యాయస్థానం చెప్పినది. అద్దె ఇంటికి కిరాయి, కొన్న ఇంటికి కిస్తీ రెండూ కడుతున్న కుటుంబం తాళంచెవులు నిరాకరించగల స్థితిలో ఉండదు. ఆ నిస్సహాయతను అంగీకారంగా లెక్కించడం న్యాయం కాదు.

పాత ఇల్లు ఒక గృహస్థు వద్ద మరొక గృహస్థు కొన్నప్పుడు కథ మారుతుంది. ఇది సేవ కాదు, కేవలం అమ్మకం. కనుక వినియోగదారుల కమిషన్ సాధారణంగా అక్కరకు రాదు. ఇక్కడ దారి చూపేది 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం. విరుద్ధమైన ఒప్పందం లేనప్పుడు, తనకు తెలిసి, కొనేవానికి తెలియక, సామాన్యమైన జాగ్రత్తతో అతడు కనిపెట్టలేని ముఖ్యలోపాన్ని అమ్మేవాడు తప్పక వెల్లడించాలని ఆ చట్టపు 55వ సెక్షన్ శాసిస్తున్నది. వెల్లడించకుండుట మోసమే అని కూడ అదే సెక్షన్ అంటున్నది. కాని "సామాన్యమైన జాగ్రత్త" అన్న మాట రెండంచుల కత్తి. గోడపై నిలువెత్తు బీట ఉండగా చూడక కొన్నవాని మొర ఏ న్యాయస్థానమూ ఆలకించదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం కూడ, సామాన్య శ్రద్ధతో నిజం తెలుసుకోగల అవకాశం ఉన్నవానికి, అమ్మేవాడు మౌనం వహించినాడన్న కారణంతో ఒప్పందాన్ని రద్దు చేసుకొనే వీలు ఇవ్వదు.

గుప్తలోపమైనా, అది అమ్మేవానికి ముందే తెలుసునని రుజువు చేయవలసిన భారం కొన్నవానిదే. అందుకు ఆధారాలు ఎక్కడ దొరుకుతాయి? అపార్టుమెంటు సంఘపు సమావేశాల పుస్తకంలో పాత యజమాని చేసిన ఫిర్యాదు, నీటి చెమ్మ ఆపడానికి చేయించిన పనికి ఇచ్చిన బిల్లు, పై అంతస్తువారికి అతడు వ్రాసిన ఉత్తరం ఇటువంటివి న్యాయస్థానంలో నిలుస్తాయి. ఇల్లంతా పాతబడి ఉండగా ఒక్క గదికి మాత్రమే కొత్తగా రంగు వేసి ఉండడం సాక్ష్యం కాకపోయినా సూచన. దావా సివిలు కోర్టులో వేయాలి. మోసం బయటపడిన నాటి నుంచి 3 సంవత్సరాల గడువు. ఆ ఇల్లు బిల్డరు మొదట స్వాధీనపరచి 5 సంవత్సరాలు కాకపోతే పని సులువు: రేరా చట్టంలోని నిర్వచనం ప్రకారం మొదటి యజమాని వద్ద కొన్నవాడు కూడ కొనుగోలుదారే కనుక, మిగిలిన కాలానికి బిల్డరును నేరుగా అడగవచ్చు.

ఇక రుసుము పుచ్చుకొని ఇంటిని తనిఖీ చేసే సంస్థల సంగతి. అమెరికాలో కొనుగోలు ముగిసే ముందు ఇంటి తనిఖీ చేయించడం పరిపాటి. పెక్కు రాష్ట్రాలలో ఆ వృత్తికి లైసెన్సు ఉండాలి. అక్కడ స్థిరపడిన తెలుగువారు హైదరాబాదులో ఇల్లు కొనేటప్పుడు ఇక్కడ కూడ అదే విధమైన తనిఖీ కోరుకొంటారు. మన దేశంలో ఆ పేరుతో సంస్థలు వచ్చినవి కాని, ఆ వృత్తికి ప్రత్యేక చట్టం లేదు. అయినా రుసుము చెల్లించి చేయించుకొన్న తనిఖీ వినియోగదారుల చట్టం దృష్టిలో సేవ. నిర్లక్ష్యం గాని, తెలిసిన విషయాన్ని కావాలని దాచడం గాని సేవాలోపం. వృత్తినిపుణుని నుంచి చట్టం కోరేది సర్వజ్ఞత కాదు, ఆ వృత్తిలోని సామాన్య నిపుణునికి ఉండవలసిన నేర్పు మాత్రమే. స్నానాలగది పక్క గోడలో తేమ కొలవకుండానే "బాగున్నది" అని వ్రాసినవాడు జవాబుదారి. కాంక్రీటు లోపలి క్లోరైడును పసిగట్టనందుకు, ఆ పరీక్ష తన ఒప్పందంలో లేనప్పుడు, అతనిని తప్పు పట్టడం కష్టం. కనుక నివేదిక కన్న ముందు ఒప్పందం చదవాలి. ఏయే భాగాలు చూస్తారు, ఏయే పరికరాలు వాడతారు, ఏవి చూడరు అన్నవి అందులోనే ఉంటాయి.

ఆ ఒప్పందంలో "మా బాధ్యత తీసుకొన్న రుసుముకు మించదు" అన్న వాక్యం ఉండవచ్చు. 1996లో ఒక కొరియరు సంస్థ కేసులో సంతకం చేసిన ఇటువంటి పరిమితిని సుప్రీంకోర్టు సమర్థించినది. 2019 చట్టం అన్యాయమైన ఒప్పందాలను ప్రశ్నించే అవకాశం కొత్తగా ఇచ్చినది. ఆ ప్రశ్న జిల్లా కమిషన్‌లో కాక రాష్ట్ర కమిషన్‌లో, లేదా జాతీయ కమిషన్‌లో లేవనెత్తాలి. పత్రాలు చూచిన న్యాయవాది పొరబడితే మాత్రం వినియోగదారుల కమిషన్‌కు పోయే దారి లేదు. న్యాయవాదుల సేవ ఆ చట్టం కిందికి రాదని 2024 మే 14న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినది. వారిపై సివిలు దావా, లేక బార్ కౌన్సిలుకు ఫిర్యాదు మాత్రమే మిగిలినవి.

ఒకే లోపానికి రేరాలోను, వినియోగదారుల కమిషన్‌లోను హక్కు ఉన్నప్పుడు దేనినైనా ఎంచుకోవచ్చునని 2020 నవంబరులో సుప్రీంకోర్టు ధ్రువపరచినది. ప్రాజెక్టు నమోదై, స్వాధీనమై 5 సంవత్సరాలు కాక, కావలసినది మరమ్మతే అయితే రేరా సూటి మార్గం. బిల్డరు దూరరాష్ట్రంలో ఉండి, కొన్నవాడు వేరొక చోట ఉండి, మానసిక క్లేశానికి కూడ పరిహారం కోరదలచితే కమిషన్ అనువైనది. మోసం చేశారని పోలీసులకు ఫిర్యాదు చేసే హక్కు సరేసరి. కాని నేరవిచారణ వలన గోడ బాగుపడదు.

ఏ ద్వారం ఎంచుకొన్నా మొదటి మెట్టు నోటీసు. లోపం ఏ గదిలో, ఏ గోడకు, ఏ తేదీన మొదట కనబడినదో అందులో ఉండాలి; స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచాలి. ఫోటోలు తీసేటప్పుడు బీట పక్కన కొలబద్ద ఉంచితే, నెల తరువాత తీసిన ఫోటోతో పోల్చి అది పెరుగుతున్నదీ లేనిదీ చెప్పవచ్చు. ప్లాస్టరుపై వెంట్రుకవంటి గీతలు తరచు ఎండినప్పటి ముడతలే. స్తంభం, దూలం కలిసే చోట ఏటవాలుగా సాగే బీట వేరు. ఫోనులోని చిత్రాలను సాక్ష్యంగా దాఖలు చేయడానికి 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. కాంక్రీటు దృఢత్వాన్ని సుత్తి పరీక్షతో, ధ్వని తరంగాల పరీక్షతో కొలిచి నివేదిక ఇచ్చే పని ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాలల సివిల్ విభాగాలు రుసుముపై చేస్తున్నవి. ఎదుటి పక్షం పిలిపించిన ఇంజనీరు మాట కన్న అటువంటి నివేదికకు న్యాయస్థానంలో విలువ ఎక్కువ.

మరమ్మతుకు తొందరపడేవారు సాక్ష్యాన్ని తామే చెరుపుకొంటారు. ప్రమాదం ఉంటే ఆగనక్కర లేదు. కాని పని మొదలుపెట్టే ముందు నిపుణునిచే కొలిపించి, బిల్డరుకు తేదీ తెలియజేసి, వచ్చి చూచుకొనుమని వ్రాసి, ఆ పిమ్మటనే గోడ మీద చేయి వేయాలి. మెట్లు, పైకప్పు, నేలమాళిగ, నీటి ట్యాంకు వంటి ఉమ్మడి భాగాలలో లోపమైతే యజమానుల సంఘం పేరున నోటీసు వెళ్లడం మంచిది. సంఘం రిజిస్టరు కాకపోతే ఇంటివారందరూ కలిసి సంతకాలు చేసి, అయిదు సంవత్సరాల గడువులోపలే పంపాలి.